బలవంతుడి మాటను బలహీనుడు పరీక్షించేదెలా?

(సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు నుంచి రాసిపెట్టింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే. ఈ సభ ఏర్పాటు చేసినవారు నాకు రెండు విషయాలు అప్పగించారు. సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రంలో మనమంతా ఒక సమూహంగా ఎలా బతుకుతున్నామన్నది మొదటిది. కృత్రిమ మేధ భద్రత విషయంలో మనమేం చేయగలమన్నది రెండోది. విడివిడిగా చెప్పమన్నారు. నేను కలిపే చెబుతాను, ఎందుకంటే నాకు అవి రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. మన సమూహానికి ఒక పాత అలవాటు ఉంది. చెప్పింది ఎంతటివారైనా సరే, పరీక్షించనిదే ఒప్పుకోం. ఏఐ భద్రత కోరుతున్నదీ అదే. మనకంటే ఎంతో ఎక్కువ లెక్కించగల యంత్రం ఒక మాట చెబితే, ఆ మాటను మనం పరీక్షించేదెలా?

ముందు సమూహం సంగతి. 2015 నవంబరులో షికాగో విశ్వవిద్యాలయంలో మన రంగంలోని పెద్దల్లో ఒకరైన లాస్లో బబాయ్ ఒక ఉపన్యాసం ఇచ్చారు. గ్రాఫ్ అంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు. రెండు గ్రాఫుల నిర్మాణం ఒకటేనా కాదా అని తేల్చే సమస్య మీకు తెలుసు, గ్రాఫ్ ఐసోమార్ఫిజం. దాన్ని క్వాసీ-పాలినామియల్ కాలంలో, అంటే పాలినామియల్ కాలానికి (సమస్య పెరిగినా అదుపులో ఉండే కాలానికి) కాస్త మించిన కాలంలో, తేల్చవచ్చని ఆయన ప్రకటించారు. అంతకుముందు ఉన్న హద్దు 1980ల నాటిది, ముప్పై ఏళ్లుగా కదలలేదు. పైగా చెప్పింది బబాయ్. అనుమానించాల్సిన అవసరం ఎవరికుంటుంది? అయినా చదివారు. హరాల్డ్ హెల్ఫ్‌గాట్ అనే గణితవేత్త పారిస్‌లోని బూర్బాకీ సెమినార్‌లో ఈ ఫలితాన్ని వివరించాల్సి ఉంది. అందుకోసం నిరూపణను వాక్యం వెంట వాక్యం చదువుతుంటే కాల విశ్లేషణలో ఒక తప్పు దొరికింది. 2017 జనవరి 4న బబాయ్ అందరికీ తెలిసేలా రాశారు, క్వాసీ-పాలినామియల్ అన్న మాటను ఉపసంహరించుకుంటున్నానని. జనవరి 9న సవరణ దొరికిందని మళ్లీ రాశారు. జనవరి 14న హెల్ఫ్‌గాట్ సెమినార్ ఇచ్చారు, సవరించిన నిరూపణతోనే.

ఆ పది రోజులను కాస్త తీరిగ్గా ఆలోచించండి. తప్పు పట్టినవారు శత్రువు కాలేదు. తప్పు ఒప్పుకున్నవారి పరువు తగ్గలేదు, నన్నడిగితే పెరిగింది. నిరూపణ మునుపటికంటే గట్టిపడింది. ఇలా జరగడం సహజం అనుకుంటాం మనం. సహజమేమీ కాదు. ఎన్నో రంగాల్లో ఇలా జరగదు. దీని వెనక దశాబ్దాల సాధన ఉంది. పత్రాల మీద పేర్లు అక్షరక్రమంలో వేస్తాం, ఎవరి వంతు ఎంత అని తగువు పడం. జర్మనీలో డాగ్‌స్టూల్ అనే చోట వర్క్‌షాపులు జరుగుతాయి, మీలో కొందరు వెళ్లే ఉంటారు. అక్కడ భోజనాల బల్ల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలో లాటరీ తీసినట్టు నిర్ణయిస్తారు. మొదటి ఏడాది విద్యార్థి పక్కన ట్యూరింగ్ అవార్డు గ్రహీత కూర్చోవచ్చు. ఆ విద్యార్థి ‘మీ మూడో లెమ్మా నాకు అర్థం కాలేదు’ అని అడగవచ్చు (లెమ్మా అంటే పెద్ద నిరూపణలో ఒక మెట్టు). అడగాలి కూడా. చూడటానికి చిన్న ఏర్పాటే, కానీ పరీక్షించే హక్కు అందరికీ ఉందని రోజుకు రెండు పూటలా గుర్తు చేస్తుంది.

ఇదంతా మన స్వభావం. మన అదృష్టం ఏమిటంటే, ఈ స్వభావాన్నే మనవాళ్లు గణితంగా మార్చారు. 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ ఒకవైపు, బబాయ్ మరోవైపు ఇంటరాక్టివ్ ప్రూఫ్ అనే భావనను తెచ్చారు. ఇందులో ఇద్దరుంటారు. నిరూపించేవాడికి అపారమైన శక్తి, ఏదైనా లెక్కించగలడు, కానీ వాడిని నమ్మలేం. పరీక్షించేవాడికి శక్తి తక్కువ, పాలినామియల్ కాలం మించి పనిచేయలేడు. చేతిలో ఉన్నదల్లా ఒక నాణెం, ప్రశ్నలడిగే అవకాశం. ఈ బలహీనుడు ఆ బలవంతుడి దగ్గర నుంచి ఎంత నిజం రాబట్టగలడు? 1985లో రాసిన ఈ ప్రశ్నను ఇప్పుడు ఏ ఏఐ సంస్థ గోడ మీదైనా యథాతథంగా రాసిపెట్టవచ్చు. కాదంటారా?

జవాబు 1989 చివర్లో వచ్చింది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈమెయిళ్లు ఖండాలు దాటి ఎగిరాయి. నోమ్ నిసాన్ ఒక ఆలోచన పంపారు. లండ్, ఫోర్ట్‌నో, కార్లాఫ్, నిసాన్ దాన్ని పెంచి పెద్దది చేశారు. కొద్ది రోజులకే ఆది షమీర్ పూర్తి జవాబు పంపారు. పీస్పేస్‌లో, అంటే ఎంత కాలం పట్టినా పాలినామియల్ పరిమాణంలో జ్ఞాపకస్థలం ఉంటే తేల్చగల సమస్యల్లో, ప్రతిదానికీ ఇంటరాక్టివ్ ప్రూఫ్ ఉంది. అంటే బలహీనుడు మనం ఊహించిన దానికంటే చాలా ఎక్కువ పరీక్షించగలడు.

ఎలా? ఇది మీకు తెలిసిందే అయినా ఒక్కసారి నాతో పాటు నడవండి, తర్వాత దీనితో పని ఉంది. వంద చలరాశులున్న ఒక పాలినామియల్ (బహుపది) తీసుకోండి, డిగ్రీ, అంటే అందులోని అతిపెద్ద ఘాతం, తక్కువ. ప్రతి చలరాశికీ సున్నా లేదా ఒకటి వేసి, వచ్చిన విలువలన్నీ కూడాలి. రెండు ఘాతం వంద పదాలు. మనవల్ల కాదు. నిరూపించేవాడు మొత్తం ఇంత అన్నాడు. మనం ఏమంటాం? ‘మొదటి చలరాశిని అలాగే వదిలేసి, మిగతావాటి మీద కూడి, వచ్చిన ఏకచలరాశి పాలినామియల్ ఇవ్వు.’ ఇస్తాడు. అందులో సున్నా వేసి, ఒకటి వేసి కూడితే వాడు చెప్పిన మొత్తం రావాలి. మొత్తం అబద్ధమైతే, ఈ పాలినామియల్ కూడా అబద్ధమే కావాలి, లేకపోతే ఇక్కడే దొరికిపోతాడు. ఇప్పుడు మనం పెద్ద ఫీల్డు, అంటే పెద్ద సంఖ్యా సమితి, నుంచి ఒక విలువను నాణెం ఎగరేసి ఎంచుకుంటాం. డిగ్రీ తక్కువైన రెండు వేర్వేరు పాలినామియల్స్ ఎన్ని చోట్ల కలుస్తాయి? డిగ్రీని మించి కలవవు. కాబట్టి మనం ఎంచుకున్న చోట వాడి పాలినామియల్ దాదాపు తప్పకుండా తప్పు విలువే ఇస్తుంది. ఇప్పుడు వాడు తొంభై తొమ్మిది చలరాశుల మీద ఒక కొత్త అబద్ధాన్ని నిలబెట్టుకోవాలి. తర్వాత తొంభై ఎనిమిది. ఒక అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి వంద అబద్ధాలు ఆడాలని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ అక్షరాలా వంద. చివరికి మిగిలేది ఒకే ఒక్క బిందువు దగ్గర పాలినామియల్ విలువ. అది మనమే లెక్కేసుకుంటాం. అక్కడ దొరుకుతాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఆ అబద్ధం ఎందుకు దాక్కోలేకపోయింది? డిగ్రీ తక్కువ కావడం వల్ల. అలాంటి పాలినామియల్‌లో తప్పు ఒక మూల ఉండిపోదు, అంతటా పరుచుకుంటుంది. యాదృచ్ఛికంగా ఎక్కడ తాకినా చేతికి తగులుతుంది. మన బలమంతా ఆ గుణంలోనే ఉంది.

ఇప్పుడు ఏఐ దగ్గరికి వద్దాం. 2018లో జెఫ్రీ ఇర్వింగ్, పాల్ క్రిస్టియానో, డారియో అమొడై ఒక ప్రతిపాదన చేశారు. ఒక ప్రశ్న మీద రెండు ఏఐలను వాదించమందాం, తీర్పు మనిషిది. ఇందులో క్రిస్టియానో మనవాడే, 2011లో నెట్‌వర్కుల్లో గరిష్ఠ ప్రవాహం మీద స్టాక్ (STOC) అనే మన ప్రధాన సమావేశంలో ఉత్తమ పత్రం బహుమతి అందుకున్న బృందంలో ఒకరు. అందుకే ఆ ప్రతిపాదనలో మన భాష వినిపిస్తుంది. న్యాయనిర్ణేత పాలినామియల్ కాలంవాడే అయినా, వాదులిద్దరూ తమ శక్తి మేరకు ఉత్తమంగా వాదిస్తే, పీస్పేస్ వరకు ప్రశ్నలు తేల్చవచ్చని వాళ్లు చూపించారు. పేజీలకు పేజీల వాదనలో న్యాయనిర్ణేత చివరికి ఒక్క వాక్యం చూస్తే చాలు. ఎందుకంటే ప్రతివాది ప్రతి మెట్టులోనూ ‘తప్పు ఇదిగో ఇక్కడుంది’ అని వేలు పెట్టి చూపిస్తూ వస్తాడు.

చాలా అందమైన ఆలోచన. నాకు ఇష్టం. కానీ ఇష్టమైనదాన్నే ముందు పరీక్షించాలి. 2020లో బెత్ బార్న్స్, క్రిస్టియానో కలిసి దీని లోపాన్ని బయటపెట్టారు. సొంత ప్రతిపాదన లోపాన్ని ప్రతిపాదించినవారే రాయడం గమనించండి, ఇదీ మన అలవాటే. లోపం ఏమిటంటే, మోసగాడు తన వాదనను ఎన్నో ఉపవాదనలుగా చీలుస్తాడు. వాటిలో ఎక్కడో తప్పుందని అందరికీ తెలుసు. ఎక్కడుందో వాడికీ తెలియదు. నిజాయతీగా వాదించేవాడికీ తెలియదు. ఇక వేలు ఎక్కడ పెట్టి చూపించాలి? ఇంతకుముందు గట్టిగా పట్టుకోమన్న విషయం ఇప్పుడు తీయండి. మామూలు మాటల్లో సాగే వాదనకు తక్కువ డిగ్రీ గుణం లేదు. తప్పు అంతటా పరుచుకోదు. లక్ష వాక్యాల మధ్య ఒకే వాక్యంలో హాయిగా నక్కి కూర్చోగలదు.

ఇంకా ఇబ్బందికరమైన ఫలితం ఇంకొకటి ఉంది. 2022లో గోల్డ్‌వాసర్, మైకేల్ కిమ్, వినోద్ వైకుంఠనాథన్, ఓర్ జామీర్ ఒక ప్రశ్న వేశారు. మోడల్‌కు శిక్షణ ఇచ్చే పనిని బయటివాళ్లకు అప్పగించాం, తయారైన మోడల్ తెచ్చి ఇచ్చారు. అందులో దొంగదారి ఉందో లేదో మనం పరీక్షించి తేల్చగలమా? క్రిప్టోగ్రఫీలో మనం రోజూ నమ్మే ఊహలు నిజమైతే, తేల్చలేం. డిజిటల్ సంతకాలతో దొంగదారి పెట్టవచ్చు. మోడల్‌కు ఎన్ని ఇన్‌పుట్‌లు ఇచ్చి చూసినా తేడా కనబడదు. తాళంచెవి ఉన్నవాడు మాత్రం ఏ ఇన్‌పుట్‌నైనా రవ్వంత మార్చి జవాబును తిప్పేయగలడు. కొన్ని రకాల శిక్షణలో అయితే మోడల్ లోపలి అంకెలన్నీ మన చేతిలో పెట్టినా కనిపెట్టలేం. ‘మేం లక్ష పరీక్షలు చేశాం, అన్నిటిలో నెగ్గింది’ అని ఎవరైనా చెబితే ఈ సిద్ధాంతాన్ని గుర్తు చేసుకోండి. లక్ష పరీక్షలు వృథా అని నేననను. అవి దేనికి హామీ ఇస్తాయో, దేనికి ఇవ్వవో విడమరిచి చెప్పడం మన పని.

ఆ విడమరచడం గురించే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. క్రిప్టోగ్రఫీ చరిత్ర చూడండి. వందల ఏళ్ల పాటు జరిగిందేమిటి? ఒకరు రహస్య లిపి కట్టారు, ఇంకొకరు విప్పారు, మొదటివారు అతుకు వేశారు, మళ్లీ విప్పారు. 1982లో గోల్డ్‌వాసర్, మికాలి వేరే ప్రశ్న అడిగారు. అసలు భద్రంగా ఉండటమంటే ఏమిటి? శత్రువుకు ఏం తెలుసు, ఎంత లెక్కించగలడు, ఏం సాధిస్తే గెలిచినట్టు? ఇవి ముందు రాసుకుంటే తప్ప భద్రత అన్న మాటకు అర్థం లేదన్నారు. ఆ నిర్వచనం వచ్చాకే ఆధునిక క్రిప్టోగ్రఫీ నిలబడింది. నా మాట నమ్మండి, వద్దు, నమ్మొద్దు, చదివి చూడండి, ఆ పత్రంలో సిద్ధాంతాలకంటే నిర్వచనాలే గొప్పవి.

ఏఐ భద్రత ఇప్పుడు ఏ కాలంలో ఉంది? 1982కి ముందున్న కాలంలో ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. ఇమేజ్‌ను కంటికి తెలియనంతగా మార్చి మోడల్‌ను తప్పుదారి పట్టించే దాడుల గురించి 2013 నుంచి తెలుసు. వాటికి రక్షణ పేరుతో పత్రాల మీద పత్రాలు వచ్చాయి. 2018లో అథల్యే, కార్లీనీ, వాగ్నర్ ఒక పెద్ద సమావేశంలో అప్పుడే ఆమోదం పొందిన తొమ్మిది రక్షణ పద్ధతులను పరిశీలించారు. ఆరు పూర్తిగా కూలాయి, ఒకటి సగం కూలింది. ఆ పత్రాలు రాసినవారు తెలివితక్కువవారు కాదు, శ్రమపడినవారు. వాళ్లు తమ రక్షణను పాత దాడుల మీద పరీక్షించారు. తమ రక్షణ గురించి తెలిసి వచ్చే శత్రువును నిర్వచించుకోలేదు. మాటలతో మోడల్‌ను ఏమార్చే కిటుకుల దగ్గరా ఇప్పుడు జరుగుతున్నది అదే. ఒకరు దారి కనిపెడతారు, సంస్థ మూసేస్తుంది, ఇంకొకరు ఇంకో దారి కనిపెడతారు. ఇక్కడ మన అవసరం ఉంది. మన సిద్ధాంతాలకంటే ముందు మన నిర్వచనాల అవసరం ఉంది.

మీలో కొందరి మనసులో ఉన్న మాట నాకు తెలుసు, చాయ్ విరామంలో విన్నాను. ‘భద్రత అంటే ఇప్పటి హానుల గురించా, రేపటి ప్రళయం గురించా?’ దీని మీద స్నేహితులు మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలున్నాయి. నాకది బాధ కలిగిస్తుంది. రుణం ఇవ్వాలా వద్దా అని తేల్చే మోడల్‌ను పరీక్షించడానికైనా, మనకంటే తెలివైన యంత్రం రాసిన ప్రోగ్రామును పరీక్షించడానికైనా కావలసిన గణితం ఒకచోటి నుంచే వస్తుంది. దీని మీద ఇంతకంటే చెప్పను.

ఇక మన ఇంటి సంగతి. తర్కవేత్త గోడెల్ 1956లో గణితవేత్త ఫాన్ నాయ్‌మన్‌కు రాసిన లేఖ మీరు చదివే ఉంటారు. పరిమిత నిడివి నిరూపణ ఉందో లేదో వెతకడానికి ఎంత కాలం పడుతుందని అందులో అడుగుతాడు. ఆ కాలం బాగా తక్కువైతే, అవునా కాదా అనే ప్రశ్నల దగ్గర గణితవేత్త ఆలోచన పనిని యంత్రానికే వదిలేయవచ్చంటాడు. కుక్ 1971లో, లెవిన్ 1973లో పీ, ఎన్‌పీ ప్రశ్నకు, అంటే త్వరగా సరిచూడగల జవాబును త్వరగా కనుక్కోనూ గలమా అన్నదానికి, రూపం ఇవ్వకముందే, ఆ ప్రశ్నలో గణితవేత్త ఉద్యోగం గురించిన ప్రశ్న ఉంది. ఇప్పుడది లేఖల్లో లేదు, మీ గుండెల్లో ఉంది. 2025 జులైలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ఆరు సమస్యల్లో అయిదింటిని ఏఐలు సాధించాయి, బంగారు పతకం స్థాయి. అదే ఏడాది మే నెలలో ఒక ఏఐ వ్యవస్థ సంకీర్ణ సంఖ్యల నాలుగు-నాలుగు మాత్రికల గుణకారాన్ని 48 గుణకారాలతో చేసి చూపింది. 1969 నాటి స్ట్రాసెన్ పద్ధతిని రెండుసార్లు వాడితే 49 పడుతుంది. ‘అయితే మేమెందుకు?’ అని ఈ మధ్య ఒక విద్యార్థిని నన్ను అడిగింది.

ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను. ఎన్‌పీ గురించి మనం పాఠం చెప్పేటప్పుడు, కనుక్కోవడం కష్టం, సరిచూడటం తేలిక అంటాం. మామూలు భాషలో రాసిన నిరూపణకు ఇది వర్తించదు. యంత్రం ఒక పూటలో పాతిక పేజీల నిరూపణ రాసి ఇస్తుంది. చూడటానికి నున్నగా ఉంటుంది, ‘స్పష్టమే’ అన్న పదం సరిగ్గా తప్పు ఉన్నచోటే ఉంటుంది. రాయడానికి అయ్యే ఖర్చు పడిపోయింది. సరిచూడటానికి అయ్యే ఖర్చు పడిపోలేదు. ఆ భారం ఎవరి మీద పడుతోంది? సమీక్షలు చేసే మీ మీద, మీకంటే రెండేళ్లు ముందున్నవారి మీద. నిరూపణను కంప్యూటరే మెట్టు మెట్టునా సరిచూసే లీన్ లాంటి ఫార్మల్ వ్యవస్థల్లో నిరూపణ రాయిస్తే భారం చాలావరకు తగ్గుతుంది, అది నేర్చుకోండి, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. కానీ లీన్ నిరూపణను సరిచూస్తుంది. మనం నిరూపించదలచుకున్నది ఆ వాక్యమేనా అన్నది లీన్‌కు తెలియదు. అది తెలియాలంటే స్వయంగా నిరూపణలతో కుస్తీ పట్టిన బుర్ర కావాలి. సమాధానం చూసి రాసిన లెక్కతో ఆ బుర్ర రాదు. అందుకే మీ మొదటి రెండేళ్లలో కష్టమైన లెమ్మాను యంత్రానికి అప్పగించకండి. పది రోజులు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకొక మాట, ఇది కాస్త కటువుగా ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఏఐ సంస్థలకు వెళ్తున్నారు. స్కాట్ ఆరన్‌సన్ 2022లో విశ్వవిద్యాలయం నుంచి సెలవు పెట్టి ఓపెన్ఏఐలో చేరి, ఏఐ రాసిన వాక్యాలకు నీటిగుర్తు (వాటర్‌మార్క్) పెట్టే పద్ధతి మీద పనిచేశారు. యాదృచ్ఛికంగా కనిపించినా తాళంచెవి ఉన్నవాడు మళ్లీ లెక్కించగల సూడోరాండమ్ ఫంక్షన్‌తో పదాల ఎంపికను నడిపించడం అందులో కీలకం. ఎంత శుద్ధమైన సిద్ధాంతమో చూడండి. దాని గురించి ఆయన బహిరంగంగా మాట్లాడారు. ఆ తర్వాత ఇతరులు దాన్ని గట్టిపరచడానికీ, చెరిపేయడానికీ పత్రాలు రాశారు. పని అలా జరగాలి. వెళ్లడం తప్పు కాదు. వెళ్లినవారు మౌనం వహించాల్సి రావడమే ప్రమాదం. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు నుంచి పరీక్షించలేని ఫలితాలను ‘మా లోపలి ప్రయోగాల్లో తేలింది’ అంటూ చెప్పాల్సి వస్తే, బబాయ్ నిరూపణలో తప్పు బయటపడిన ఆ పది రోజుల్లాంటివి అక్కడ ఎప్పటికీ రావు. ఉద్యోగానికి వెళ్లేముందు మీరు జీతం అడుగుతారు, అడగండి. దానితో పాటు, భద్రత గురించి కనుక్కున్నది బయట ప్రచురించే హక్కు నాకుంటుందా అని కూడా అడగండి. రాతపూర్వకంగా అడగండి. పదిమంది అడిగితే ఆ సంస్థలు ఆలోచిస్తాయి.

సమయం అయిపోవచ్చింది. బోర్డు మీద ఒక సమస్య పెట్టి వదిలేస్తాను. 2023లో బ్రౌన్-కోహెన్, ఇర్వింగ్, పిలియూరాస్ ఇందాకటి రెండు ఏఐల వాదన పద్ధతిని మెరుగుపరిచారు. నిజాయతీగా వాదించేవాడు పాలినామియల్ పని మాత్రమే చేసి, అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ లెక్కించగల మోసగాడిని గెలవగలడు. కానీ షరతులున్నాయి. అసలు ప్రశ్నకు మనిషి తీర్పుల సాయంతో పాలినామియల్ నిడివిలో చేయగల లెక్క ఒకటి ఉండాలి. తీర్పులు యాదృచ్ఛికంగా మారే సందర్భంలో, చిన్న మార్పులకు తుది జవాబు తలకిందులు కాకుండా స్థిరంగా ఉండాలి. ఇప్పుడు ప్రశ్న. ఆ నిడివి షరతును సడలించి, స్థిరత్వాన్ని ఉంచుకుంటే ఏమవుతుంది? ఉపవాదనల చెట్టు పెద్దది, ఏ ఒక్క ఆకు మీదా జవాబు ఎక్కువగా ఆధారపడదు. నక్కి కూర్చున్న ఒక్క తప్పు అప్పుడు జవాబును తిప్పలేదు. తిప్పాలంటే మోసగాడు ఎన్నో చోట్ల తప్పులు పెట్టాలి. ఎన్నో చోట్ల పెడితే యాదృచ్ఛికంగా తాకినప్పుడు తగలాలి. పాలినామియల్స్ మనకు ఉచితంగా ఇచ్చిన గుణం ఇక్కడ ఎంతవరకు తిరిగి వస్తుంది? లోతు లాగ్ ఎన్, ప్రతి కొమ్మకూ మూడు ఉపవాదనలు, మెజారిటీ గేట్లు, అంటే మూడింటిలో కనీసం రెండు ఏమంటే అదే జవాబు. అక్కడ మొదలుపెట్టండి. మెజారిటీ దగ్గర తప్పు ఎంత వేగంగా పైకి పాకుతుందో ముందు లెక్కేయండి, రేపు ఉదయం తొమ్మిదింటికి ఈ బోర్డు దగ్గరే చూద్దాం.